దురుసు మాట వేరు, వెలివేసే మాట వేరు: ఆన్‌లైన్ రాజకీయ చర్చలో మర్యాద ప్రశ్న

కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు 2023 అక్టోబరులో కుంగినప్పుడు పౌరులు అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. లోపం డిజైన్‌లో ఉందా, నిర్మాణంలో ఉందా, నిర్వహణలో ఉందా. మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలి. ఆ నీటిని నమ్ముకున్న ఆయకట్టు సంగతేమిటి. సామాజిక మాధ్యమాలలో ఈ ప్రశ్నలు వేసినవారికి తరచుగా ఎదురైనది "ముందు నువ్వు ఏ పార్టీవాడివో చెప్పు" అన్న నిలదీత. ఆంధ్రప్రదేశ్‌లో రాజధాని గురించి, పోలవరం గురించి, మద్యం విధానం గురించి మాట్లాడబోయినవారి అనుభవమూ ఇంతే. నాలుగు వ్యాఖ్యలు దాటేసరికి విషయం పక్కకు పోతుంది. మాట్లాడిన మనిషి ఇంటిపేరు, కుటుంబం, చదువు, ఊరు చర్చకు వస్తాయి. ఆ తరువాత బూతులు మొదలవుతాయి.

ఈ పరిస్థితి మీద మనం సాధారణంగా వినే తీర్పులు రెండు. జనంలో సంస్కారం నశించిందని, కేసులు పెట్టి జైల్లో వేస్తే తప్ప దారికి రారని కొందరు అంటారు. ఇదంతా భావప్రకటనా స్వేచ్ఛేనని, తట్టుకోలేనివారు రాజకీయాల జోలికి రాకూడదని మరికొందరు అంటారు. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు వాదాలూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. వేర్వేరు స్వభావాలున్న మాటలను రెండూ ఒకే గాటన కడుతున్నాయి. పంట కొనుగోలు కాక కడుపు మండి ముఖ్యమంత్రిని ఏకవచనంతో తిట్టిన రైతునూ, రాజకీయాభిప్రాయం రాసిన పాపానికి ఒక ఉపాధ్యాయురాలి ఫోటోను మార్ఫింగ్ చేసి పంచినవాడినీ "అసభ్య పోస్టులు" అన్న ఒకే పేరు కింద చేర్చినంతకాలం ఏ చట్టమూ, ఏ నియమావళీ సరిగా పనిచేయదు. చర్చకు నిజమైన హాని ఎక్కడ జరుగుతోందో తెలియాలంటే ముందు ఈ ముడి విప్పుకోవాలి.

ఈ విభజనను పరిశోధనలో స్పష్టంగా చూపినవారు జిజి పపాకరిసి. ఆన్‌లైన్ రాజకీయ చర్చాబృందాలను పరిశీలించి 2004లో ప్రచురించిన వ్యాసంలో ఆమె, మర్యాద తప్పడానికీ పౌరధర్మం తప్పడానికీ మధ్య గీత గీశారు. గొంతు పెంచడం, ఎత్తిపొడవడం, వెటకారం, తిట్టు మొదటి కోవలోకి వస్తాయి. అవి వినడానికి బాగుండకపోవచ్చు, కాని వాదం వేడెక్కినప్పుడు సహజంగా వచ్చేవే. అవతలివారి హక్కును కాదనడం, ఒక సమూహానికి చెందినవారు కాబట్టి వారి మాటకు విలువ లేదనడం, బెదిరించి నోరు మూయించడం రెండో కోవలోకి వస్తాయి. ప్రజాస్వామ్యానికి ప్రమాదం ఈ రెండో దానితోనే. తిట్టు ఒక్కటీ లేకుండా, ఎంతో సంస్కారవంతమైన భాషలో కూడా ఆ పని చేయవచ్చు. "మీ వర్గంవారికి ఈ విషయాలు అర్థం కావు లెండి" అన్న వాక్యంలో మర్యాదకు లోటు లేదు, మనిషిని మనిషిగా చూడడానికే లోటు.

మన పల్లెల్లో వెలి అనే శిక్ష ఎలా పనిచేసేదో తెలిసినవారికి ఈ తేడా త్వరగా అర్థమవుతుంది. వెలివేసినవారితో ఎవరూ పోట్లాడరు. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పలకరించరు, అంతే. పోట్లాటలో ఎదుటివాడు ఇంకా ఊరివాడే. వెలిలో వాడు ఊరివాడే కాడు. ఆన్‌లైన్ రాజకీయ చర్చలోనూ కొన్ని మాటలు పోట్లాటకు చెందుతాయి, మరికొన్ని వెలికి చెందుతాయి.

పోట్లాట మాటకు తెలుగులో గౌరవప్రదమైన చరిత్రే ఉంది. పాలకులను, లోభులను, దొంగ భక్తులను ముఖం మీదే కడిగేసిన అధిక్షేప శతకాలు మన సాహిత్యంలో ఒక శాఖగా నిలిచాయి. ఊరి రచ్చబండ మీద, బస్సులో, టీ కొట్టు దగ్గర నాయకులను సామాన్యులు తిట్టుకోని రోజు లేదు. పైగా మర్యాద కొలత ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తెలంగాణ పల్లె మాటల్లో పెద్దవారిని సైతం "నువ్వు" అనడం చనువుకు గుర్తు. అదే మాట కోస్తా జిల్లాల పాఠకుడికి అగౌరవంగా తోచవచ్చు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జరుగుతున్న రోజుల్లో ఒకరి మాటతీరు మరొకరికి మొరటుగా వినిపించడం, ఆ మొరటుతనాన్ని సాకుగా చూపి అసలు డిమాండునే కొట్టిపారేయడం మనం చూశాం. ఎవరి భాష మర్యాదైన భాష అన్నది తేల్చే అధికారం ఎప్పుడూ బలవంతుడి దగ్గరే ఉంటుంది కాబట్టి, మర్యాద ఒక్కటే గీటురాయిగా పెట్టుకుంటే ముందుగా నష్టపోయేది బడిలో నేర్పిన భాష రానివారే.

వెలి మాట సంగతి వేరు. దానికి తెలుగు సామాజిక మాధ్యమాలలో కొన్ని స్థిరమైన రూపాలు ఏర్పడ్డాయి. అన్నిటికంటే సర్వసాధారణమైనది ఇంటిపేరు చూసి కులం లెక్కగట్టడం. ఒక వ్యక్తి భూసేకరణ చట్టం గురించో ఉద్యోగుల పింఛను గురించో నాలుగు పేరాలు రాస్తే, ఆ నాలుగు పేరాలకూ జవాబుగా అతని కులం పేరు ఒక్కటి రాసి వదిలేస్తారు. కులం తెలిసింది కాబట్టి పార్టీ తెలిసినట్టే, పార్టీ తెలిసింది కాబట్టి వాదం చదవనక్కరలేదు అన్న తర్కం అందులో ఉంది. ఇంటిపేరు పట్టి కులం పోల్చుకోలేకపోతే ఊరిని బట్టి, అదీ కుదరకపోతే వేరే పోస్టుల కింద ఎవరిని సమర్థించారో వెతికి మరీ పోల్చుకుంటారు. "పేటీఎం బ్యాచ్", "పెయిడ్ ఆర్టిస్టు" అన్న నిందలు కూడా ఈ కోవవే. డబ్బు తీసుకుని మాట్లాడేవాడికి అభిప్రాయమే ఉండదు కదా, ఇక జవాబు దేనికి? మతం మారినవారనో, ఫలానా దేశం వెళ్లిపొమ్మనో చెప్పేవి మరో రకం. విదేశాలలో స్థిరపడినవారు ఇక్కడి రాజకీయాలపై మాట్లాడితే "అక్కడ కూర్చుని నీకెందుకు" అంటారు. అదే వ్యక్తి తమ పక్షాన మాట్లాడితే ప్రవాసాంధ్రుల మద్దతు అని పంచుకుంటారు. పౌరసత్వం, నివాసం, కులం, మతం అన్నీ ఇక్కడ ఒకే పనికి వాడే పనిముట్లు: మాట్లాడే అర్హత నీకు లేదని చెప్పడానికి.

ఆడవారి విషయంలో ఇది మరింత క్రూరంగా ఉంటుంది. మగవాడు రాజకీయాభిప్రాయం చెబితే అతని పార్టీని తిడతారు, ఆడమనిషి చెబితే ఆమె శీలాన్ని తిడతారు. నాయకుల మీద కోపాన్ని వారి భార్యల మీద, కూతుళ్ల మీద, తల్లుల మీద తీర్చుకోవడంలో తెలుగు రాష్ట్రాలలోని ప్రధాన పార్టీల అభిమానులు ఎవరూ ఎవరికీ తీసిపోలేదు. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో 95 మంది భారతీయ మహిళా నాయకులను ప్రస్తావించిన 1,14,716 ట్వీట్లను ఆమ్నెస్టీ సంస్థ పరిశీలింపజేసి 2020లో ఫలితాలు వెల్లడించింది. వాటిలో 13.8 శాతం, అంటే దాదాపు ప్రతి ఏడింటిలో ఒకటి, అభ్యంతరకరమైనవి లేదా దూషణతో కూడినవి. ముస్లిం మహిళలకు మత, జాతి దూషణలు, అణగారిన కులాల మహిళలకు కుల దూషణలు మిగతావారికంటే ఎంతో ఎక్కువగా వచ్చాయి. వీరు పదవులు, పార్టీల అండ, వ్యక్తిగత సిబ్బంది ఉన్నవారు. ఏ అండా లేని ఒక డిగ్రీ విద్యార్థిని ఇలాంటి వ్యాఖ్యలు పది చూశాక ఖాతాను లాక్ చేసుకోవడమో, రాజకీయాలు రాయడం మానేయడమో చేస్తుంది. ఆమె మౌనం ఏ గణాంకంలోనూ నమోదు కాదు. నా దృష్టిలో ఈ సమస్యలో అతి పెద్ద నష్టం అదే. చర్చ ఎంత వికారంగా ఉందన్నది ఎవరికైనా కనిపిస్తుంది, చర్చలో ఎవరు లేకుండా పోయారన్నది మాత్రం కనిపించదు.

దురుసుతనం వల్ల చూసేవారిపై పడే ప్రభావాన్ని కూడా తక్కువగా అంచనా వేయకూడదు. అమెరికాలో విస్కాన్సిన్, జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. సూక్ష్మ వెండి కణాల వాడకం మీద ఒకే తటస్థ వ్యాసాన్ని అందరికీ ఇచ్చి, దాని కింద కొందరికి మర్యాదైన వ్యాఖ్యలు, మరికొందరికి తిట్లతో నిండిన వ్యాఖ్యలు చూపించారు. వ్యాసంలో ఒక్క అక్షరమూ మారలేదు. అయినా తిట్లు చదివినవారిలో ఆ సాంకేతికత గురించి ముందునుంచీ ఉన్న అభిప్రాయాలు మరింత బిగుసుకుని, సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ ఒకరికొకరు ఇంకా దూరమయ్యారు. సూక్ష్మ వెండి కణాలకు కులం, పార్టీ, ప్రాంతం లేవు. అలాంటి విషయంలోనే ఇంత ప్రభావం ఉంటే, తరతరాల గాయాలు మోస్తున్న రాజకీయ ప్రశ్నల మీద ఎంత ఉంటుందో ఊహించవచ్చు.

ఇక కారణాల సంగతి. ఎదుటివారి ముఖం కనిపించకపోవడం, పేరు దాచుకోగలగడం, మాటకు మాట వెంటనే ఎదురుకాకపోవడం వల్ల మనుషులు తెర వెనుక కట్లు తెంచుకుంటారని అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ సూలర్ 2004లో సూత్రీకరించారు. ఈ వివరణలో నిజం ఉంది. అయితే దీన్ని చాలామంది మరో మెట్టు ఎక్కించి, ఇంటర్నెట్టే మంచివాళ్లను చెడ్డవాళ్లుగా మారుస్తోందని నమ్ముతారు. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ బోర్, మైకేల్ బాంగ్ పీటర్సన్ ఈ నమ్మకాన్ని అమెరికా, డెన్మార్క్ దేశాలలో పరీక్షించి చూశారు. ఆన్‌లైన్‌లో దురుసుగా ఉండేవారు బయట కూడా అంతే దురుసుగా ఉంటారని, రాజకీయాల ద్వారా పెత్తనం, హోదా కోరుకునేవారే వారిలో ఎక్కువని తేలింది. మరి ఆన్‌లైన్ చర్చ అంతగా పాడైనట్టు ఎందుకనిపిస్తుంది? టీ కొట్టు దగ్గర నోరుపారేసుకునే మనిషి మాట అక్కడున్న పదిమందికే వినపడుతుంది, పైగా అతను రాగానే నలుగురు మెల్లగా లేచి వెళ్లిపోతారు. అదే మనిషి ఆన్‌లైన్‌లో రాసింది వేలమంది చూస్తారు. మనిషి పాతవాడే; అతని మాట చేరే దూరం మారింది.

అలాగని తక్కినవారంతా నిర్దోషులు కారు. స్టాన్‌ఫోర్డ్, కార్నెల్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో మామూలు మనుషులకు ముందు చిరాకు పుట్టించే కష్టమైన ప్రశ్నలు ఇచ్చి, ఆపై అప్పటికే దూషణలున్న చర్చలో వ్యాఖ్య రాయమన్నారు. ప్రశాంతమైన మనసుతో ప్రశాంతమైన చర్చలోకి వచ్చినవారితో పోలిస్తే వీరిలో దూషణకు దిగినవారు దాదాపు రెట్టింపు. అంటే ఆరంభించేవారు కొద్దిమందే అయినా, వారు వదిలిన మొదటి వ్యాఖ్య తరువాత వచ్చేవారికి బాట వేస్తుంది.

ఆ బాటను వెడల్పు చేసేవి వేదికల యంత్రాంగాలు. తుపాకుల నియంత్రణ, వాతావరణ మార్పు వంటి అంశాలపై ఐదు లక్షలకు పైగా ట్వీట్లను పరిశీలించిన విలియం బ్రేడీ బృందం, నైతిక భావోద్వేగం నిండిన ప్రతి అదనపు మాటకూ ఆ ట్వీటు వ్యాప్తి సుమారు 20 శాతం పెరిగినట్టు 2017లో చూపింది. అదే వరుసలో 2021లో వచ్చిన మరో అధ్యయనం నాకు ఇంకా ముఖ్యమైనదిగా తోస్తుంది. ఆగ్రహం వ్యక్తం చేసినప్పుడు లైకులు, షేర్లు ఎక్కువగా వచ్చినవారు ఆ తరువాత మరింత ఆగ్రహంగా రాయడం నేర్చుకుంటున్నారని, ఈ శిక్షణకు ఎక్కువగా లొంగేది మధ్యస్థ రాజకీయాభిప్రాయాలున్న బృందాలలోని వారేనని అందులో తేలింది. తీవ్రమైన అభిప్రాయాలున్నవారు ముందునుంచే గట్టిగా రాస్తారు. మెత్తగా రాసేవాడే మెచ్చుకోలు చూసి మారతాడు. ఫేస్‌బుక్ 2017లో కోపపు గుర్తుతో సహా భావసూచికలకు మామూలు లైకు కంటే ఐదు రెట్ల విలువ ఇచ్చి పోస్టులను పైకి తెచ్చిందని, ఆ విలువను క్రమంగా తగ్గించి చివరకు 2020లో కోపపు గుర్తుకు సున్నా చేసిందని 2021లో బయటపడిన ఆ సంస్థ అంతర్గత పత్రాలు తెలిపాయి. మూడేళ్లపాటు ప్రపంచమంతటా కోపానికి ఎక్కువ మార్కులు వేసిన ఆ నిర్ణయంలో ఏ దేశ పౌరులకూ భాగం లేదు.

తెలుగు నేల మీద ఈ యంత్రాంగానికి సిద్ధంగా ఉన్న సైన్యం ఒకటి దొరికింది. సినిమా హీరోల అభిమాన సంఘాలు ఇక్కడ రాజకీయాలకు ఎప్పటినుంచో పునాది. 1982లో తెలుగుదేశం, 2008లో ప్రజారాజ్యం, 2014లో జనసేన పుట్టినప్పుడు ఆ సంఘాల బలం ఎంత ఉపయోగపడిందో అందరికీ తెలుసు. హ్యాష్‌ట్యాగులు ట్రెండింగ్‌లోకి తేవడం, అవతలి హీరో పేరును వంకరగా మార్చి ఎగతాళి చేయడం, వసూళ్ల లెక్కల మీద రాత్రంతా కొట్లాడడం వంటి ఫ్యాన్ వార్స్ పద్ధతులన్నీ నేరుగా రాజకీయ చర్చలోకి వచ్చాయి. అభిమాని తన హీరో సినిమా బాగోలేదని ఒప్పుకోనట్టే, పార్టీ అభిమాని తన ప్రభుత్వ నిర్ణయం తప్పని ఒప్పుకోడు. సినిమా విషయంలో ఈ మొండితనం వల్ల పోయేది పెద్దగా లేదు. బడ్జెట్ విషయంలో, సాగునీటి విషయంలో ఇదే మొండితనం ఉంటే తప్పును తప్పని చెప్పేవారే మిగలరు. ఈ స్వచ్ఛంద సైన్యానికి పార్టీల సోషల్ మీడియా విభాగాలు దిశానిర్దేశం చేస్తున్నాయి. ఏ పోస్టు మీద దాడి చేయాలో, ఏ పాత వీడియోను ముక్కలు చేసి వదలాలో వాట్సాప్ గ్రూపులలో ముందే చేరిపోతుంది. పైకి ప్రజాగ్రహంలా కనిపించేదానిలో చాలా భాగం ఇలా పంచిపెట్టిన పనే.

నాయకుల భాష ఈ సైన్యానికి అనుమతి పత్రం లాంటిది. 2021 నవంబరు 19న అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు, తన భార్యను కించపరిచారని ఆరోపిస్తూ, మళ్లీ ముఖ్యమంత్రిగానే అడుగు పెడతానని ప్రకటించి ఆంధ్రప్రదేశ్ శాసనసభ నుంచి వెళ్లిపోయారు. అధికార పక్షం ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఎవరి మాట నిజమన్నది అలా ఉంచితే, కుటుంబ సభ్యుల ప్రస్తావన చట్టసభలోనే వివాదమయ్యే స్థితిలో వ్యాఖ్యల పెట్టెలో సంయమనం ఆశించడం కష్టం. ప్రెస్ మీట్లలో బూతులు మాట్లాడిన నాయకుల వీడియోలకు లక్షల వీక్షణలు వస్తాయి, ఆ నాయకులకు పార్టీలో ప్రాధాన్యం పెరుగుతుంది. కింది కార్యకర్త నేర్చుకునే పాఠం అదే.

పరిష్కారంగా అందరూ మొదట చెప్పేది అసలు పేరు, గుర్తింపు తప్పనిసరి చేయమని. దక్షిణ కొరియా ఈ పని చేసి చూసింది. పెద్ద వెబ్‌సైట్లలో వ్యాఖ్య రాయాలంటే గుర్తింపు నిర్ధారణ తప్పనిసరి అని 2007లో నిబంధన తెచ్చి, 2009లో దాన్ని రోజుకు లక్ష మందికి పైగా వచ్చే వెబ్‌సైట్లకు విస్తరించింది. చట్టవిరుద్ధమైన వ్యాఖ్యలు చెప్పుకోదగినంతగా తగ్గలేదని, భావప్రకటనా హక్కుకు మాత్రం భంగం కలిగిందని చెబుతూ 2012 ఆగస్టు 23న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. ఈలోగా 2011లో ఒక పెద్ద సంస్థ మీద జరిగిన హ్యాకింగ్‌లో దాదాపు 3.5 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. జర్మనీలోని ఒక పిటిషన్ల వేదిక మీద ఐదు లక్షలకు పైగా వ్యాఖ్యలను విశ్లేషించిన జ్యూరిక్ పరిశోధకులు 2016లో మరో ఆశ్చర్యకరమైన విషయం చెప్పారు: అసలు పేరుతో రాసినవారే పేరు దాచుకున్నవారికంటే ఎక్కువ దూకుడుగా ఉన్నారు. ధర్మం తమ పక్షాన ఉందని నమ్మే మనిషి ఆ దూకుడును పేరుతో సహా చూపించుకోవడానికే ఇష్టపడతాడు. మన ఫేస్‌బుక్‌లో సొంత ఫోటో, పిల్లల ఫోటోలు, ఉద్యోగం చేసే సంస్థ పేరు పెట్టుకుని మరీ బూతులు రాసేవారిని చూస్తే ఇందులో వింత ఏమీ లేదనిపిస్తుంది. మరోవైపు పేరు దాచుకోవలసిన అవసరం నిజంగా ఉన్నవారు ఉన్నారు. ఇంటిపేరుతోనే వాదం కొట్టుకుపోయే సమాజంలో దళిత విద్యార్థికి, పై అధికారి కోపానికి భయపడే చిరుద్యోగికి, కుటుంబానికి తెలియకుండా అభిప్రాయం చెప్పుకునే ఇల్లాలికి మారుపేరే రక్షణ.

రెండో పరిష్కారం పోలీసు కేసు. సమాచార సాంకేతిక చట్టానికి 2008లో చేసిన సవరణతో వచ్చిన 66ఏ సెక్షన్, "తీవ్రంగా నొప్పించే", "చికాకు కలిగించే" సందేశాలకు మూడేళ్ల వరకు జైలు శిక్ష విధించింది. బాల్ ఠాక్రే మరణానంతరం ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ ఒక యువతి ఫేస్‌బుక్‌లో రాసినందుకు, ఆమె స్నేహితురాలు దాన్ని లైక్ చేసినందుకు 2012 నవంబరులో ఇద్దరినీ అరెస్టు చేయడంతో ఆ సెక్షన్ దేశమంతా చర్చనీయాంశమైంది. జస్టిస్ రోహింటన్ నారిమన్, తెలుగువారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో దాన్ని కొట్టివేసింది. చర్చించడం, ఒక అభిప్రాయాన్ని గట్టిగా సమర్థించడం, రెచ్చగొట్టడం అనే మూడు దశలను ఆ తీర్పు విడదీసి చూపింది. మొదటి రెండూ ఎంత నచ్చకపోయినా స్వేచ్ఛలో భాగమేనని, మూడో దశకు చేరినప్పుడే ఆంక్ష పెట్టవచ్చని తేల్చింది. దురుసు మాటకూ వెలి మాటకూ మధ్య నేను చెబుతున్న తేడా ఈ న్యాయసూత్రంతో పూర్తిగా కలవదు, కాని నొప్పించడమే నేరం కాదన్న దగ్గర రెండూ ఏకీభవిస్తాయి.

సెక్షన్ పోయినా అలవాటు పోలేదు. కొట్టివేసిన 66ఏ కింద ఇంకా కేసులు నమోదవుతున్నాయని తెలిసి 2021లో సుప్రీంకోర్టు దిగ్భ్రాంతి వ్యక్తం చేసింది. తెలుగు రాష్ట్రాల అనుభవం చూస్తే పార్టీలతో నిమిత్తం లేని ఒక వరుస కనిపిస్తుంది. 2020 మేలో విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీపై ప్రశ్నలు వేస్తూ ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిన అరవై ఏళ్లు దాటిన గుంటూరు మహిళకు సీఐడీ నోటీసులిచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక, అదే ఏడాది నవంబరులో ప్రతిపక్షంగా మారిన పార్టీ సోషల్ మీడియా కార్యకర్తలపై రాష్ట్రమంతటా కేసులు, అరెస్టులు జరిగాయి. తెలంగాణలో ముఖ్యమంత్రిని ఒక వ్యక్తి తిడుతున్న వీడియోను ప్రసారం చేసినందుకు 2025 మార్చిలో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. ఈ కేసులన్నీ ఒకే రకమైనవి కావు. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనవాటిలో నాయకుల కుటుంబాలలోని స్త్రీలను, ఆడపిల్లలను లక్ష్యం చేసుకున్న నీచమైన పోస్టులు ఉన్నాయని పోలీసులు చెప్పారు. అలాంటివాటిపై చర్య తీసుకోవలసిందే. అయితే అవీ, ప్రభుత్వంపై కటువైన విమర్శలూ ఒకే ఊపులో, ఒకే సెక్షన్ల కింద చేరినప్పుడు నిజమైన బాధితుల ఫిర్యాదు కూడా కక్షసాధింపులా కనిపించడం మొదలవుతుంది. మంత్రిని వెక్కిరించిన పోస్టుకు తెల్లవారేసరికి ఇంటి ముందుకు వచ్చే పోలీసు జీపు, మార్ఫింగ్ ఫోటోతో ఠాణాకు వెళ్లిన మామూలు ఇంటి ఆడపిల్ల దగ్గరికి అంత వేగంగా రాదు. రక్షణ తిరగబడి ఉంది. బలవంతుడి మనసు నొచ్చుకోకుండా కాపాడుతున్నాం, బలహీనుడిని చర్చలోనే లేకుండా చేస్తుంటే చూస్తున్నాం.

న్యాయస్థానాలు ఇప్పుడిప్పుడే ఈ తలకిందుల తీరును సరిచేస్తున్నాయి. కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చి 28న సుప్రీంకోర్టు, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ప్రసంగ సంబంధ నేరారోపణలలో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపడం మంచిదని చెప్పింది. తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరు 10న మరింత వివరమైన మార్గదర్శకాలు ఇచ్చింది. కటువైన రాజకీయ విమర్శ అయినంత మాత్రాన యాంత్రికంగా కేసు పెట్టకూడదని, హింసకు ప్రేరేపణో ప్రజాశాంతికి తక్షణ ముప్పో కనిపించాలని, పరువునష్టం ఫిర్యాదుదారులను మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలని అందులో ఉంది. ఠాణాలో కూర్చున్న ఎస్ఐకి ఈ మార్గదర్శకాలు తెలియడం, వాటిని పాటించినందుకు పైనుంచి అక్షింతలు పడకుండా ఉండడం అన్నవి తీర్పుతో పూర్తయ్యే పనులు కావు.

వేదికలు తమ యంత్రాలతో వడపోస్తాయన్న భరోసా తెలుగు విషయంలో బలహీనమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 8.11 కోట్ల మంది మాతృభాష తెలుగు. వారిలో ఎంతోమంది తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో, ఎవరికి తోచిన వర్ణక్రమంతో వారు రాస్తారు. ఒకే తిట్టుకు పదిరకాల రాతలు ఉంటాయి. ఇంగ్లీషు, తెలుగు కలగలిసిన ఈ రాతలో దూషణను యంత్రం గుర్తించగలదా అన్నదాని మీద 2024లో ద్రావిడ భాషా సాంకేతికతల సదస్సు ప్రత్యేకంగా ఒక పోటీనే నిర్వహించింది; సమస్య ఇంకా పరిశోధన దశలోనే ఉందనడానికి అదే సాక్ష్యం. పైగా వెలి మాటల్లో చాలావాటిలో బూతు ఉండదు. ఒక ఇంటిపేరు, ఒక ఊరి పేరు, ఒక నవ్వు గుర్తు చాలు. అది అవమానమని తెలుగు సమాజంలో పుట్టి పెరిగిన మనిషికి తెలుస్తుంది, యంత్రానికి తెలియదు.

చిన్నవే అయినా ఫలితమిచ్చిన పద్ధతులు లేకపోలేదు. పరిశోధకుడు నేథన్ మటియాస్ 2019లో ప్రచురించిన ప్రయోగంలో, రెడిట్‌లోని విజ్ఞానశాస్త్ర చర్చావేదికలో 2,190 చర్చలలో కొన్నిటి పైభాగాన నియమాలను అందరికీ కనపడేలా ఉంచారు. కొత్తగా వచ్చినవారు నియమాలను పాటించే అవకాశం ఎనిమిది శాతం పాయింట్లకు పైగా పెరిగింది; అంతకంటే విశేషం, కొత్తవారి భాగస్వామ్యం సగటున 70 శాతం పెరిగింది. హద్దులు స్పష్టంగా ఉన్నచోట మాట్లాడడానికి జనం జంకరని దీన్నిబట్టి తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ గ్రూపు, పూర్వ విద్యార్థుల గ్రూపు, ఊరి గ్రూపు నడిపే అడ్మిన్లకు ఇది నేరుగా పనికివస్తుంది. చాలా గ్రూపుల్లో ఉండే "రాజకీయాలు వద్దు" అన్న నియమం స్నేహాలను కాపాడవచ్చు గాని, పక్కింటివారితో రాజకీయం మాట్లాడుకునే చివరి చోటును కూడా మూసేస్తుంది. "ప్రభుత్వాన్ని ఎంతైనా విమర్శించండి, సభ్యుల కులం, కుటుంబం, మతం ఎత్తితే తొలగిస్తాం" అన్న నియమం అంతకంటే మేలు. అలాగే దూషణ పంపబోయేముందు "ఒకసారి ఆలోచించండి" అని ట్విట్టర్ అడిగిన ప్రయోగంలో అలా అడిగినప్పుడు 9 శాతం పోస్టులను రాసినవారే రద్దు చేసుకున్నారు, 22 శాతాన్ని సవరించుకున్నారు. కావాలని దాడి చేసేవారిని ఇది ఆపదు. క్షణికావేశంలో రాసేవారిని ఆపుతుంది, వారి సంఖ్య తక్కువేమీ కాదు.

కావాలని దాడి చేసేవారిని ఆపవలసింది వారిని నడిపేవారే. ఎన్నికల ప్రవర్తనా నియమావళిలో ఇతర పార్టీలపై విమర్శ వారి విధానాలు, కార్యక్రమాలు, గత చరిత్ర, పనితీరుకే పరిమితం కావాలని, ప్రజాజీవితంతో సంబంధం లేని వ్యక్తిగత విషయాల జోలికి పోకూడదని స్పష్టంగా ఉంది. ఆ నియమావళి సామాజిక మాధ్యమాలకూ వర్తిస్తుందని, సోషల్ మీడియా ఖాతాలు నడిపే సిబ్బంది జీతాలను కూడా ఎన్నికల వ్యయంలో చూపించాలని ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే ఆదేశించింది. సమస్య ఏమిటంటే ఈ బాధ్యతలన్నీ ఎన్నికల వేళకే పరిమితం. పార్టీల సోషల్ మీడియా విభాగాలు ఏడాది పొడవునా పనిచేస్తాయి, వాటి లెక్కలు మాత్రం కొన్ని వారాలకే అడుగుతారు. తమ పేరుతో ఏ ఖాతాలు నడుస్తున్నాయో, ఎవరికి జీతాలిస్తున్నారో, ఏ ప్రచార సంస్థలతో ఒప్పందాలున్నాయో ప్రతి పార్టీ ఏటా బహిరంగంగా ప్రకటించేలా, ఆ ఖాతాలు ఒక సామాన్య పౌరురాలిపై దాడి చేస్తే పార్టీలో ఫలానా పదవిలో ఉన్నవారు జవాబు చెప్పేలా నిబంధన పెట్టడానికి కొత్తగా ఎవరి స్వేచ్ఛనూ తగ్గించనక్కరలేదు. గుర్తింపు పత్రం అడగవలసింది పింఛను రాలేదని తిట్టే ముసలాయనను కాదు, ఆయన మీదికి వందమందిని ఉసిగొల్పే కార్యాలయాన్ని.